పొగ మిషిన్ మేడం

నా సంచిల ఎప్పుడూ ఒక అగర్‌బత్తి ప్యాకెట్ ఉండేది. మాది తంగళ్ళపల్లి, ఆదివారం చర్చికి పోయే ఇల్లు. ఒకసారి ప్రార్థన అయిపోయినంక ఫోన్ తీద్దామని సంచిల చెయ్యి పెడితే ఆ ప్యాకెట్ జారి పాస్టరమ్మ కాళ్ళ ముందట పడ్డది. మా అమ్మ మొఖం నల్లగైంది. "పనికమ్మా, గాలి ఎటు పోతున్నదో చూడనీకి" అని నేను చెప్తనే ఉన్న, ఆమె నన్ను జబ్బ పట్టి బయటికి గుంజుకపోయింది.

నేను చెప్పింది నిజమే. నేను ఏసీ మెకానిక్‌ను. ఐటీఐల ఆ ట్రేడ్ తీసుకున్న ఆడపిల్లను మా బ్యాచ్‌ల నేనొక్కదాన్నే. చదువైనంక సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, ఈ మూడు ఊర్ల నడుమనే పదమూడేండ్లుగ తిరుగుతున్న. నడుమల ఒక పెండ్లయింది, నిలువలేదు. మళ్ళ అమ్మ ఇంటికే వచ్చిన. అమ్మ బీడీలు చేస్తది. చెల్లె సిరిసిల్లల బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి పోతది. ముగ్గురం ఆడోళ్ళమే.

ఏసీల గ్యాస్ లీకయితే సబ్బునురుగు రాసి చూస్తం, లీకున్న కాడ బుడగ లేస్తది. గాలి సంగతి గట్ల కాదు. గాలి మోసుకపోయే రేకు గొట్టం ఎక్కడ పలిగింది, తలుపు సందుల నుంచి గాలి లోపలికి వస్తున్నదా బయటికి పోతున్నదా, ఇది కంటికి కనబడదు. అగర్‌బత్తి ముట్టిచ్చి ఆ సందు కాడ పెడితే పొగ ఎటు ఒంగితే గాలి అటు. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. చేస్తా చేస్తా నేనే కనిపెట్టుకున్న. అందుకే నాకు దాని మీద జెర గర్వముండేది.

జగిత్యాలల ఒక ప్రైవేటు దవఖానల కొత్తగ ఆపరేషన్ థియేటర్ కట్టిండ్రు. ఏసీలు పెట్టింది హైదరాబాద్ నుంచి వచ్చినోళ్ళు, నెలనెలా సర్వీసు నాది. థియేటర్ల గాలి ఎప్పుడూ లోపలి నుంచి బయటికే తోసుకపోవాలె. బయటి గాలి లోపలికి వస్తె దాంతోని దుమ్మొస్తది, రోగమొస్తది. ఒకనాడు సర్వీసుకు పోయినప్పుడు తలుపు కింద అగర్‌బత్తి పెట్టి చూస్తె పొగ లోపలికి ఒంగింది. ఇంకోసారి పెట్టిన. లోపలికే. నిచ్చెనేసి సీలింగ్ పలక జరిపి తల దూర్చి చూసిన. ఒక అతుకు కాడ టేపు ఊడొచ్చి, థియేటర్లకు రావాల్సిన గాలి సగం సీలింగ్ పైననే పోతున్నది.

దిగి మేనేజర్‌ను పిలిచిన. ఆయన ముందు నా చేతిల ఉన్న అగర్‌బత్తిని చూసిండు.

"ఏందమ్మా, థియేటర్ల పూజ చేస్తున్నవా?"

"కాదు సార్. బయటి గాలి లోపలికి వస్తున్నది. పైన గొట్టం ఊడింది."

"పొగ చూసి చెప్తవా? అది హైదరాబాద్ కంపెనీ పెట్టిన పని. నువ్వు ఫిల్టర్లు సాఫ్ చేసి పో."

సాఫ్ చేసి పోయిన. సర్వీసు కాయితం మీద మాత్రం రాసిచ్చిన. వచ్చే నెల గూడ గదే రాసిన. ఆ కాయితాలు ఎవరు చదువుతరు!

గప్పుడు వచ్చింది ఆమె.

దవఖానకు ఏదో సర్టిఫికెట్ కావాలంటె థియేటర్‌ను పరీక్ష చేయించాలెనట. ఆ పరీక్ష చేసే కంపెనీ నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. ముప్పై గూడ నిండి ఉండయి. చేతిల నల్ల పెట్టె. పెట్టె తెరిస్తె లోపల స్పంజి, ఆ స్పంజిల సరిగ్గా పట్టేటట్టు కోసిన గుంతల ఒక మిషిన్. తలెంటికలు ఆరబెట్టుకునే డ్రయ్యర్ అంత ఉంటది, పిస్తోలు లెక్క పిడి. చిన్న సీసాల నుంచి ఏదో నీళ్ళసొంటిది పోసింది. "ముందు ఫైర్ అలారాలు బంద్ చేయించుండ్రి సార్" అన్నది. మేనేజర్ ఉరికిండు. మిషిన్ వేడెక్కి పచ్చలైటు వచ్చినంక తలుపు కాడ కూసుండి మీట నొక్కింది.

తెల్లటి పొగ. పాలు వొలికినట్టు వచ్చింది. వచ్చిందే ఆలస్యం, తలుపు కింది సందులకెళ్ళి లోపలికి జర్రున గుంజుకపోయింది. నా అగర్‌బత్తి పొగ దారమంత ఉంటె ఇది చీరె కొంగంత ఉన్నది. నర్సులు ఫోన్లు తీసిండ్రు. పెద్ద డాక్టర్ గూడ వచ్చి నిలబడ్డడు.

"అబ్బ! ఎంత క్లియర్‌గ కనబడుతున్నది మేడం!" అన్నడు మేనేజర్.

"పైన ఎక్కడో డక్ట్ లీకున్నట్టుంది సార్" అన్నది ఆమె.

"ఎక్కడో కాదు. కిటికీ దిక్కు మూడో పలక మీద" అన్న నేను.

అందరూ నా దిక్కు మర్రిండ్రు. మేనేజర్ కండ్లు పెద్దగ చేసి, "తెలిసినదానివి ముందే చెప్పద్దా?" అన్నడు.

నేను నోరు తెరిస్తె పాడుమాటే వచ్చేది. ఆమె నా దిక్కు చూసి, "నీకెట్ల తెలుసక్కా?" అన్నది. అగర్‌బత్తి సంగతి చెప్పిన. "సూపరక్కా" అని నవ్వింది. మంచిగనే అన్నది. కానీ ఐదో తరగతి పిల్ల ఎక్కం సరిగ్గ చెప్తె టీచర్ అన్నట్టు వినబడ్డది నాకు.

ఆ సాయంత్రం ఇంట్ల ఆమె సంగతి చెప్తా చెప్తా, "ఎల్లంతకుంట మండలమేనట వాళ్ళది" అని ఊరిపేరు, ఇంటిపేరు గూడ చెప్పిన. అమ్మ బీడీ ఆకు కత్తిరిచ్చుడు ఆపింది.

"దొరోరి మనవరాలా? వాళ్ళ పొలంల నేను మస్తు నాట్లేసిన బిడ్డా. ఆ నాయనమ్మ మంచిది, ఎండపూట చల్ల పోసేది."

అమ్మ మొఖంల వెలుగు చూసి నాకు ఒళ్ళు మండింది. తను నడుము ఒంచి నాటేసిన పొలం వడ్లతోని ఆ పిల్ల ఇంజనీరింగ్ చదివింది. ఈమె ఇంకా ఆ చల్లనే యాది చేసుకుంటున్నది. "చల్లనే కదా పోసింది" అన్న. అమ్మకు నా మాట అర్థం కాలేదో, అర్థమై ఊకున్నదో తెల్వది.

వారం తిరగకముందే ఆ ఇంజనీరమ్మ ఫోన్ చేసింది. కోరుట్లల విత్తనాలు దాచే కోల్డ్ స్టోరేజ్ పని వచ్చిందట, ఈ దిక్కు పని తెలిసిన మనిషి తోడు కావాలెనట. పోవద్దనుకున్న. పోయిన. కూలి కోసం కాదు, ఆ మిషిన్ కోసం పోయిన. ఒక్కసారి నా చేతిల పట్టుకుంటె చాలనిపించింది. దవఖాన సంది ఆ తెల్లపొగే కండ్లల్ల తిరుగుతున్నది.

కోల్డ్ స్టోరేజ్ల నేను చలికోటేసుకుని మూలల పొంటి టార్చ్ పట్టిన. ఆమె బయట దుమ్ముల బోర్ల పండుకుని తలుపు రబ్బరు పొడుగునా పొగ వదులుతా వచ్చింది. ఒక జానెడు మేర పొగ లోపలికి వచ్చింది. నేను లోపలి నుంచి కేకేస్తె ఆమె అక్కడ మార్కర్‌తోని గీత గీసింది. గోడ పలకల అతుకులు ఒక్కటి విడువలేదు. బట్టలు మాసినా, మోచేయి గీరుకున్నా పట్టించుకోలేదు. పనిమంతురాలు. ఏమీ రాని మనిషయితె నాకు ఇంత కుళ్ళు పుట్టేది కాదు, నవ్వుకుని ఊకుందును. 

మధ్యాహ్నం అన్నం తిన్నంక అడిగిన. "మేడం, ఒక్కసారి నేను కొట్టి చూస్తా?"

"వద్దక్కా. ముక్కు మస్తు వేడిగుంటది, కాల్తది. కంపెనీది గూడ."

పదమూడేండ్ల నుంచి గ్యాస్ మంట పట్టుకుని రాగి పైపులు అతికిస్తున్నదాన్ని నేను. నా చేతుల మీద కాలిన మచ్చలు లెక్కపెట్టుకోవచ్చు. ఆ మిషిన్ ముక్కు నన్ను కాలుస్తదట! తలూపిన. తిరుగుబస్సుల మెట్‌పల్లి దిక్కు పోయే పసుపు బస్తాల లారీలు ఎదురొస్తుంటె, ఆ మేడం ఒక్కసారన్నా తప్పు చెప్తె బాగుండనుకుంట కూసున్న. పదిమంది ముందట. తప్పు చెప్పి, ఆ మొఖం చిన్నబోతె చూడాలె.

ఆ మాట మనసుల పడ్డంక పోలేదు.

మూడో పని సిరిసిల్లల, మా చెల్లె పనిచేసే ఫ్యాక్టరీలనే. పొడుగాటి హాలు. ఒక కొసకు గాలి గుంజే పెద్ద ఫ్యాన్లు నాలుగు, ఇంకో కొసకు గాలి వచ్చే జాలీ కిటికీలు. జాలీల పక్కన ఇస్త్రీ బల్లలు, నడుమల కుట్టుమిషిన్ల వరుసలు. ఆవిరికి, వేడికి ఆడోళ్ళు తట్టుకోలేకపోతున్నరని ఓనర్ పరీక్ష పెట్టించిండు. ఆదివారం, పని బంద్. నేను చర్చి ఎగ్గొట్టి పోయిన.

"అక్కా, జాలీలు తప్ప అన్ని తలుపులూ మూసి ఉన్నయా చూసి రా" అన్నది ఆమె.

ఫ్యాన్ల కొసకు, బట్ట తాన్లు పేర్చిన వెనుక, కత్తిరింపులు బయట పారేసే చిన్న తలుపొకటి ఉన్నది. ముందట నిలబడితె కనబడదు. నేను పోయేసరికి అది బార్లా తెరిచే ఉన్నది. గడియ మీద చెయ్యి పెట్టిన. ఫ్యాన్లకు అంత దగ్గర తలుపు తెరిచి ఉంటె అవి ఆ గాలినే గుంజుకుంటయి, దూరంగ ఉన్న ఇస్త్రీ బల్లల కాడి గాలి కదలదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే, చెయ్యి వెనుకకు తీసుకున్న.

"అన్నీ మూసినయి మేడం" అన్న వచ్చి.

ఆమె ఇస్త్రీ బల్లల కాడ పొగ కొట్టింది. పొగ లేచి అక్కడక్కడనే తిరిగింది. ఇంకోసారి కొట్టింది. గంతే. నొసలు ముడిచింది. ఫ్యాన్ల దిక్కు చూసింది, కాయితాలు చూసింది. ఓనర్ చేతులు కట్టుకుని నిలబడ్డడు. ఆమె అంతసేపు ఆగుడు నేను ఎన్నడూ చూడలేదు. నా లోపల చెప్పరాని సంబురం. పెదవులు బిగపట్టి నేల చూసిన.

ఆఖరికి, "ఫ్యాన్ల గుంజుడు ఇంత దూరం అందుతలేదు. రెండిటిని తీసి ఇస్త్రీ బల్లల పక్కగోడకు పెట్టాలె" అని రిపోర్ట్ ఇచ్చింది. చూసిన పొగ ప్రకారం ఆ మాట కరెక్టే. తలుపు సంగతే ఆమెకు తెల్వది.

పది రోజులల్ల ఓనర్ ఫ్యాన్లు మార్పించిండు. ఇగ జాలీల నుంచి వచ్చిన గాలి వచ్చినట్టే పక్కనున్న రెండు ఫ్యాన్లల్లకెళ్ళి బయటికి పోయింది. నడుమల మిషిన్ల మీద ఉన్నోళ్ళకు చుక్క గాలి లేదు. చెల్లె ఇంటికి వచ్చేసరికి జాకెట్ పిండితె చెమట కారేటట్టు ఉండేది.

"ఊపిరాడుతలేదక్కా. మీ పొగ మిషిన్ మేడం వచ్చి పొగ కొట్టి పోయింది చూడు, గప్పటిసంది గిట్లనే ఉన్నది. ఏం చదువు చదివిందో ఏమో!"

మొదటిరోజు ఆ మాట నాకు తీపిగ ఉండె. ఇంకోసారి చెప్పించుకుని విన్న. ఇది దాచి చెప్పలేను, నేను అసొంటిదాన్నే అయిన ఆ రోజులల్ల. రెండోరోజు చెల్లె అన్నం సరిగ్గ తినలేదు. మూడోరోజు తలనొప్పి అన్నది. "రెండు రోజులు సెలవు పెట్టు" అన్న గని, ఎందుకైందో చెప్పలేదు.

ఆ శుక్రవారం పొద్దటిపూట ఎండకు నేనొక బ్యాంకు మీద ఏసీ బిగిస్తుంటె ఫోన్ వచ్చింది. చెల్లె మిషిన్ మీదనే పడిపోయిందని. నేను పోయేసరికి ఫ్యాక్టరీ బయట వేపచెట్టు కింద పండవెట్టిండ్రు. పక్క మిషిన్ మీద కుట్టే ఆమె పైటతోని విసురుతున్నది. చెల్లె చేతివేలుకు సూది దిగి రక్తం గడ్డకట్టి ఉన్నది. కండ్లు తెరిచి నన్ను చూసి, "నువ్వొచ్చినవా, ఇగ మంచిదే" అన్నది.

ఆటోల ఇంటికి తెస్తుంటె ఆమె తల నా భుజం మీదనే ఉన్నది. నేను రోడ్డు దిక్కు చూసుకుంట కూసున్న, ఆమె మొఖం చూడలేక.

తెల్లారి జగిత్యాల పోయిన. మేడం ఆ దవఖానలనే రెండో పరీక్షకు వచ్చింది. బయట హోటల్ల చాయ్ చెప్పింది. చాయ్ ముట్టకముందే చెప్పేసిన.

"సిరిసిల్లల బట్టతాన్ల వెనుక ఒక తలుపున్నది మేడం. ఆరోజు అది తెరిచే ఉండె. నేను చూసిన. మూయలే."

"మర్చిపోయినవా?"

"మర్చిపోలే. కావాలని మూయలే. నిన్న మా చెల్లె ఆ హాల్లనే పడిపోయింది."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "ఎందుకక్కా?"

ఏం చెప్పాలె? దవఖాన మేనేజర్ సంగతి, మిషిన్ పట్టుకోనియ్యని సంగతి, మా అమ్మ నాట్లు, అన్నీ గొంతుదాక వచ్చినయి. ఒక్కటే అన్న. "కుళ్ళుతోని."

ఆమె మొఖం ఎర్రగైంది, మళ్ళ మామూలైంది. "నీ చెల్లెకు ఎట్లున్నది?" అని అడిగింది. చెప్పిన. "సోమవారం పోయి మళ్ళ టెస్ట్ చేద్దాం" అని లేచింది. చాయ్ తాగలే.

సోమవారం తిన్నగ ఓనర్ రూంలకే పోయినం. నేనే చెప్పాలెనని బస్సుల పొడుగునా మాటలు కూర్చుకున్న. నేను నోరు తెరిచేలోపలనే ఆమె, "సార్, నా టెస్ట్ తప్పు. ఒక తలుపు తెరిచుండంగ చేసిన. చూసుకోవాల్సింది నేను, సంతకం నాది. మళ్ళ చేస్తా, ఫ్యాన్లు మళ్ళ మార్పించే పని గూడ నేనే దగ్గరుండి చూసుకుంటా" అన్నది. ఓనర్ గట్టిగనే అరిచిండు. ఆమె నిలబడి విన్నది. నా పేరు ఎత్తలే. నేను గూడ నోరిప్పలే.

సిగ్గు పడాల్సిన చోట గూడ నాకు మళ్ళ కుళ్ళే పుట్టింది. తప్పు నాదని అంత నిమ్మలంగ ఎట్ల అనగలిగింది? అరిచినంక ఆ ఓనరే ఆమెకు కుర్చీ వేసి, "కూసోండ్రి మేడం" అన్నడు. తప్పు చేసినా ఆమె మేడమే. గదే మాట నేనంటె ఈ మూడు ఊర్లల్ల నన్ను ఇంకోసారి ఎవరన్నా పనికి పిలుతురా? ఆమెకు మిషిన్ ఉన్నది, చదువున్నది, భూమి ఉన్నది, ఆఖరికి మంచితనం గూడ ఆమెదే అయింది. నాకు మిగిలింది ఆ తలుపు.

జరిపిన రెండు ఫ్యాన్లను ఆమె మళ్ళ పాత చోటికి పెట్టించి, నడుమల పని ఆపించి, మిషిన్ల మీదున్న ఆడోళ్ళను గోడకు నిలబెట్టింది. ఈసారి తలుపు తానే పోయి గడియ పెట్టొచ్చింది. నేను ఏమనుకుంటానో అని నా దిక్కు చూడలేదు. చూడకపోవుడే నాకు ఎక్కువ గుచ్చింది.

తర్వాత మిషిన్ నా చేతికిచ్చింది.

"నేను అక్కడి కొస నుంచి చూడాలె. నువ్వు కొట్టక్కా."

అనుకున్నదానికన్నా బరువున్నది. పిడి వెచ్చగ ఉన్నది. మీట నొక్కిన. చిన్న బుస్సుమనే సప్పుడు, తర్వాత పొగ. అది ఇస్త్రీ బల్లల మీదికెళ్ళి, మిషిన్ల వరుసల నడుమ నుంచి, మా చెల్లె రోజూ కూసునే కుర్చీ మీదికెళ్ళి మెల్లగ ఫ్యాన్ల దిక్కు నడిచింది. ఒక్క చోటనే, ఆవిరి పైపుల కాడ, జెర సుడి తిరిగింది. "అక్కడొక చిన్న ఫ్యాన్ పెట్టాలె" అన్న నేను, ఎవరూ అడగకముందే. అటు కొస నుంచి ఆమె "అవును, రాస్తున్న" అన్నది. ఆడోళ్ళు ఫోన్లల్ల తీసుకుంటున్నరు. ఒకామె, "గీమె మొన్న పడిపోయిన పిల్లకు అక్కనే కదా!" అన్నది. ఎన్ని రోజుల నుంచో కోరుకున్నది చేతుల ఉన్నది. సంతోషంగ లేను అంటె అబద్ధం. కానీ పొగ అయిపోయినంక చెల్లె కుర్చీ దిక్కు చూడకుండ మిషిన్ తిరిగి ఇచ్చేసిన.

ఇప్పుడు ఆమెను కంపెనీ వేరే దిక్కు పంపింది. పోతా పోతా దవఖాన మేనేజర్‌కు నా నంబర్ ఇచ్చి, "ఏదన్నా అనుమానముంటె ముందు ఈ అక్కను అడుగుండ్రి" అని చెప్పిందట. అతను ఫోన్ చేసి "ఏమండీ" అంటడు ఇప్పుడు. నేను పెన్నంత ఉండే చిన్న పొగ పరికరం తెప్పించుకున్న. దాని పొగ సన్నగనే ఉంటది గని పనికొస్తది. ఆమె ఏదో పెద్ద ల్యాబ్ ముందు నిలబడి దిగిన ఫోటో వాట్సప్‌ల కనబడితె ఇప్పటికీ నా లోపల ఏదో చురుక్కుమంటది. లేదంటె నమ్మకుండ్రి.

అప్పుడు పడిపోయిన చెల్లె నాలుగు రోజులకు లేచి పనికి పోయింది. హాల్ల గాలి మంచిగున్నదని, ఆ మేడం తప్పు ఒప్పుకుని మళ్ళ వచ్చి సరిచేసిందని, ఎంత మంచి మనిషని ఇంట్ల రోజూ చెప్పేది. అమ్మ "ఎవరి వంశం మరి!" అనేది. నేను వినుకుంట ఊకుండేదాన్ని. రెండు నెలలు ఊకున్న. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇద్దరం బట్టలు ఆరేస్తున్నం. చెల్లె మళ్ళ ఆ మేడం ముచ్చటే ఎత్తింది. ఇగ ఆగలేకపోయిన. తలుపు సంగతి మొత్తం చెప్పిన.

చెల్లె చేతిల తడి లంగా అట్లనే ఉన్నది, నీళ్ళు కాళ్ళ మీద కారుతున్నయి.

"నేను నీకు రోజూ చెప్పిన కదా, ఊపిరాడుతలేదని."

"చెప్పినవ్."

"విన్నవ్ కదా."

"విన్న."

"ఆ మేడంకు కోపం రాలేదా?"

"రాలే."

"నాకొస్తున్నది" అన్నది చెల్లె. లంగాను తాడు మీద విసిరేసి లోపలికి పోయింది. తర్వాత చానా రోజులు నాతోని మాట్లాడలేదు. నా గిన్నెల అన్నం పెట్టేది, పలకరించేది కాదు. మేడం మంచితనం కింద తలెత్తలేకపోయిన నాకు, చెల్లె కోపం ముందర మాత్రం కూసుని అన్నం తినబుద్ధయింది. ఆరోజు మిగిలిన బట్టలు నేనే ఆరేసుకున్న.